నాలుగు చక్రాల డ్రైవు బ్రేకు కాదు

ఈ నెలలో ఖరీదైన కార్ల గురించిన ఒకే సందేశం నాకు పదకొండు సార్లు వచ్చింది. పది సార్లు చదివి వదిలేశాను. పదకొండోసారి పంపినవాడు చిన్నప్పుడు విశాఖ వన్‌టౌన్‌లో నాతో కలిసి చదువుకొని, ఇప్పుడు రొయ్యల ఎగుమతిలో స్థిరపడిన నా స్నేహితుడు. కింద "మావాడికి ఇదే ఖాయం చేద్దామనుకుంటున్నాం, ఒకసారి చూడరా" అని రాశాడు. ఆ 'మావాడి'కి ఇరవై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఇంజినీరింగ్ విద్యార్థులకు వాహనాల పాఠం చెబుతున్నవాణ్ణి కనుక ఇక ఊరుకోవడం తప్పే అవుతుంది.

ఆ సందేశం చెప్పేది ఇది. కొత్త ఆడి ఆర్‌ఎస్ క్యూ8 అనే పెద్ద ఎస్‌యూవీకి పెట్టే డబ్బుతో, అలాంటిదే కొన్నేళ్ళు వాడిన లంబోర్గిని ఉరుస్ వస్తుంది. రెండూ ఒకటే కారు, తేడా బ్యాడ్జీలోనే. వంద కిలోమీటర్ల వేగం అందుకోవడంలో ఉరుస్ 0.2 సెకను ముందుంటుంది. నాలుగు చక్రాల డ్రైవు, రెండు టన్నులు దాటిన బరువు ఉన్నాయి కాబట్టి వానలోనూ పొడి రోడ్డు మీద ఆగినట్టే ఆగుతుంది, టైరులో గ్రిప్పు కనబడితే చాలు. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాకులో రికార్డు పెట్టిన జాతి కాబట్టి అరకు ఘాట్ ఒక లెక్క కాదు. సస్పెన్షన్ పైకి లేపితే వరద నీటిలోనూ పోతుంది. సిరామిక్ బ్రేకులు సముద్రపు ఊరికి సరిపోతాయి.

'ఒకటే కారు' అన్నదానిలో సగానికి పైగా నిజముంది. రెండూ ఫోక్స్‌వ్యాగన్ సంస్థల ఎంఎల్‌బీ ఇవో అనే ఉమ్మడి అడుగు నిర్మాణం, అంటే వేదిక, మీద కట్టినవే; పోర్షే కయెన్, బెంట్లీ బెంటెయ్‌గా, ఫోక్స్‌వ్యాగన్ టూరెగ్ కూడా ఆ వేదిక మీదివే. రెండింటిలోనూ 4.0 లీటర్ల జంట టర్బో వీ8 ఇంజిను, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, వెనుక చక్రాలు కూడా తిరిగే స్టీరింగు ఉన్నాయి. అయితే ఇంజిను ఒకటైనంత మాత్రాన దాని ట్యూనింగు, సస్పెన్షన్ అమరిక, టైర్ల కొలత, విడిభాగాల ధర ఒకటి కావు. 2018 జనవరిలో ఉరుస్ మన దేశంలో 3 కోట్ల రూపాయల షోరూమ్ ధరతో, 2020 ఆగస్టులో ఆర్‌ఎస్ క్యూ8 2.07 కోట్లతో వచ్చాయి. ఆ మధ్యనున్న దాదాపు కోటి రూపాయలు బ్యాడ్జీకే పోయాయని ఎవరైనా అంటే నేను పెద్దగా వాదించను. కానీ పాత కారు చౌకగా దొరికినంత మాత్రాన దాని మరమ్మతు ఖర్చు కూడా చౌకవుతుందని ఈ సందేశం ఎందుకు అనుకుందో నాకు బోధపడలేదు.

0.2 సెకను సంగతి రెండు వాక్యాలలో తేలిపోతుంది. తొలి ఉరుస్ వంద కిలోమీటర్ల వేగాన్ని 3.6 సెకన్లలో, తొలి ఆర్‌ఎస్ క్యూ8 3.8 సెకన్లలో అందుకొనేవి. ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న ఆర్‌ఎస్ క్యూ8 పెర్ఫార్మెన్స్ 640 హార్స్‌పవర్‌తో 3.6 సెకన్లలోనే అందుకొంటుంది. పాత ఉరుస్‌ను కొత్త ఆడి ధరతో పోల్చి, వేగం దగ్గరికి వచ్చేసరికి పాత ఆడి అంకె వేయడం అజాగ్రత్త అయినా కావాలి, అమ్మేవాడి నేర్పు అయినా కావాలి.

నూర్‌బర్గ్‌రింగ్‌లో ఎస్‌యూవీల రికార్డు కూడా ఉరుస్‌ది కాదు, ఆడిది. 2019లో ఆర్‌ఎస్ క్యూ8 ఏడు నిమిషాల 42 సెకన్లలో ఆ ట్రాకును చుట్టింది, 2021లో పోర్షే కయెన్ టర్బో జీటీ దాన్ని దాటింది, 2024లో ఆర్‌ఎస్ క్యూ8 పెర్ఫార్మెన్స్ మళ్ళీ తీసుకొంది. ఆ పరుగులో ఎదురుగా వచ్చే వాహనం ఒక్కటీ ఉండదు. ఎస్.కోట దాటాక అనంతగిరి ఎక్కే దారిలో ప్రతి మలుపు వెనుకా ఆర్టీసీ బస్సో, పర్యాటకుల జీపో ఉంటుంది. అద్దాలతో కలిపి ఉరుస్ వెడల్పు 2.18 మీటర్లు. ఆ దారిలో దాన్ని నడపడంలో అసలు కష్టం వేగం కాదు, పక్కకు చోటు చేసుకోవడం.

ఇక నన్ను ఈ రాతకు కూర్చోబెట్టిన మాట: నాలుగు చక్రాల డ్రైవు ఉన్న బరువైన కారు వానలోనూ పొడి రోడ్డు మీద ఆగినట్టే ఆగుతుందట.

నాలుగు చక్రాల డ్రైవు అంటే ఇంజిను శక్తి నాలుగు చక్రాలకూ అందడం. కారు కదలడానికి, వేగం పుంజుకోవడానికి అది పనికొస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు ఇంజిను శక్తితో పనే లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. మీ నాన్నగారు నడిపిన పాత మారుతి 800కూ నాలుగింటికే ఉన్నాయి. ఆపేటప్పుడు ఈ కోట్ల కారుకు ఆ విషయంలో అదనంగా ఉన్న చక్రం ఏదీ లేదు.

బరువు ఎక్కువైతే రోడ్డును గట్టిగా నొక్కుతుంది కదా అంటారు. నొక్కుతుంది, నిజమే. కానీ ఎంత బరువు పెరిగితే అంతగా ఆ కారు ముందుకు పోవాలన్న పట్టుదలా పెరుగుతుంది, లెక్కలో రెండూ కొట్టుకుపోతాయి. బరువే ఆపేదైతే పోర్టు నుంచి బొగ్గు తోలే లారీ కాన్వెంట్ కూడలిలో అందరికంటే ముందు ఆగాలి. ఆ లారీ ముందు నిలబడి ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి సందేశం రాసిన పెద్దమనిషి సిద్ధమేనా? బరువు వల్ల నిజంగా జరిగేది వేరు: వంద కిలోమీటర్ల వేగంలో 2,300 కిలోల కారును ఆపాలంటే, 900 కిలోల చిన్న కారుతో పోలిస్తే బ్రేకులు రెండున్నర రెట్ల వేడిని మింగాలి.

వంద కిలోమీటర్ల వేగం దగ్గరే లెక్క కట్టి చూడండి. పొడి రోడ్డు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం, అంటే రోడ్డు మీద దాని పట్టును చెప్పే అంకె, 0.9 అనుకుంటే బ్రేకు పట్టాక కారు ఆగడానికి 44 మీటర్లు కావాలి. తడి రోడ్డు మీద అది 0.5కు పడితే 79 మీటర్లు కావాలి. ఎదుట ఆవు కనబడి కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి ఒక్క సెకను పట్టినా ఇంకో 28 మీటర్లు కలుపుకోవాలి. ఈ లెక్కలో కారు పేరు ఎక్కడా రాదు, ధర రాదు, ఎన్ని చక్రాలకు డ్రైవు ఉందన్నదీ రాదు.

అంతకంటే నన్ను భయపెట్టేది మరొకటి ఉంది. మామూలు కారులో తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చక్రం ఒక్క క్షణం ఊరికే తిరుగుతుంది. రోడ్డు జారుతోందని డ్రైవరుకు అందే మొదటి హెచ్చరిక అదే. నాలుగు చక్రాల డ్రైవు ఆ హెచ్చరికను మింగేస్తుంది. ఆరు వందల హార్స్‌పవర్ నాలుగు చక్రాలకూ పంచుకొని తడి మీద కూడా పొడి మీద దూసుకుపోయినట్టే దూసుకుపోతుంది కనుక, పట్టు ఎంత తగ్గిందో కుర్రవాడికి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడే. అప్పటికి వేగం నూట నలభై దాటి ఉంటుంది. రుషికొండ నుంచి భీమిలి వెళ్ళే దారిలో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక, తొలకరి జల్లుకు పైకి తేలిన నూనె జిడ్డు ఎలా ఉంటాయో మన ఊళ్ళో బండి నడిపే ఎవరికైనా తెలుసు.

"టైరులో గ్రిప్పు కనబడితే చాలు" అన్నది ఇంకా ప్రమాదం. రోడ్డు మీద నిలిచిన నీటిని టైరు గాడులు పక్కకు తోసేయాలి. తోయలేనంత నీరు చేరితే టైరు నీటి మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగూ పనిచేయదు, బ్రేకూ పనిచేయదు. 1960లలో నాసా పరిశోధకులు విమాన టైర్ల కోసం కట్టిన సూత్రం ప్రకారం, 36 పీఎస్‌ఐ గాలి ఉన్న టైరు నిండుగా నిలిచిన నీటిలో దాదాపు వంద కిలోమీటర్ల వేగం దగ్గర తేలడం మొదలుపెడుతుంది. వెడల్పు టైరు పక్కకు తోయవలసిన నీరు ఇంకా ఎక్కువ; ఉరుస్ వెనుక టైరు వెడల్పు 315 మి.మీ. గాడుల లోతు ఒక్కటే కాదు, రబ్బరు వయసు కూడా చూడాలి. ఇలాంటి కారు తక్కువ తిరుగుతుంది, షెడ్డులో ఎక్కువ నిలబడుతుంది; గాడులు కొత్తవాటిలా ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకెలలో చివరి నాలుగు దాని పుట్టిన తేదీ: మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. వాడిన ఉరుస్ చూడటానికి వెళ్ళినవారు ముందుగా ఆ అంకెలు చదవాలి, తరువాతే తోలు సీట్లు నిమరాలి.

వరద నీటి మాటకు సమాధానం చిన్నది. ఉరుస్ నేలకు 158 నుంచి 248 మి.మీ. ఎత్తులో నడుస్తుంది. అంటే సస్పెన్షన్ లేపితే పెరిగేది 90 మి.మీ., సుమారు నాలుగు వేళ్ళ వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. అల్పపీడనం పడిన రోజున జ్ఞానాపురం రైలు వంతెన కింద నిలిచే నీటికి ఆ కొంచెం ఏ మూలకూ రాదు. ఇంజిను గాలితో పాటు నీటిని పీలిస్తే, నీరు గాలిలా కుదించుకోదు కనుక, పిస్టన్లకు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. మామూలు సమగ్ర బీమాలో ఆ నష్టానికి పరిహారం సాధారణంగా రాదు. ఇంజిను రక్షణ కోసం విడిగా ప్రీమియం కట్టి ఉండాలి.

సిరామిక్ బ్రేకుల మాటను కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. ఆలోచించిన కొద్దీ అది నిజమని ఒప్పుకోక తప్పలేదు. మన సముద్రపు గాలిలో మామూలు ఇనుప డిస్కు రాత్రికి రాత్రే నారింజ రంగు తుప్పు పట్టడం పెదవాల్తేరులో మా ఇంటి ముందే రోజూ చూస్తున్నాను. సిరామిక్ డిస్కు తుప్పు పట్టదు. ఉరుస్‌లో అవి మొదటి నుంచీ కారుతో పాటే వస్తాయి. తొలి ఆర్‌ఎస్ క్యూ8లో ముందు చక్రాలకు 420 మి.మీ. ఇనుప డిస్కులుండేవి, సిరామిక్ కావాలంటే అదనంగా చెల్లించాలి. తీరప్రాంతంలో ఎక్కువగా నిలిపి ఉంచే కారుకు అది చెప్పుకోదగిన లాభమే. అయితే చక్రం ఊడదీసేటప్పుడు అజాగ్రత్తగా తగిలిస్తే అంచు పెచ్చు ఊడుతుంది, అలా పాడైన డిస్కు మార్పించడానికి అయ్యే డబ్బుతో ఒక చిన్న కారు వస్తుంది. కొనేముందు నాలుగు డిస్కుల అంచులూ లైటు వేసి చూడాలి.

ఇదంతా నా స్నేహితుడికి ఫోనులో చెప్పాను. "అంటే వద్దంటావా?" అన్నాడు. వద్దనలేదు. వాళ్ళు చూసి వచ్చిన ఉరుస్ టైరు మీది నాలుగు అంకెలు ఫొటో తీసి పంపమన్నాను. సాయంత్రానికి ఫొటో వచ్చింది: 1120. 2020లో పదకొండో వారం. గాడులు లోతుగానే ఉన్నాయి. నాలుగు టైర్లూ మార్చి ఇస్తేనే బేరం మాట్లాడమని, మార్చాక మొదటి వాన పడిన రోజు పిల్లవాడిని నా దగ్గరికి పంపమని, ఖాళీ మైదానంలో నలభై వేగంలో బ్రేకు తొక్కించి ఎంత దూరంలో ఆగుతుందో వాడి చేతే కొలిపిస్తానని చెప్పాను.