శ్రీ ఆర్‌ఎక్స్‌జేఎస్ వ్రత విధానం

కలియుగంలో సెర్చ్ బాక్సు పెట్టదలచిన ప్రతి డెవలపరూ రియాక్టివ్ ప్రోగ్రామింగ్ (మార్పు జరిగిన ప్రతిసారీ కోడ్ దానికి స్పందించే పద్ధతి) వ్రతం ఆచరించాలి. జావాస్క్రిప్ట్‌లో ఆ వ్రతానికి వాడే లైబ్రరీయే ఆర్‌ఎక్స్‌జేఎస్. 2009లో మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మైయర్ బృందం డాట్‌నెట్ కోసం వెలువరించిన ఈ విద్యను 2013లో నెట్‌ఫ్లిక్స్ జావా వాళ్లకూ ప్రసాదించింది. వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్‌లో కొలువు కోరేవాడికి నేడు తప్పించుకునే దారి లేదు. రెండు చెక్‌బాక్సుల ఫారానికి కూడా బిహేవియర్‌సబ్జెక్ట్ (తాజా విలువను గుర్తుంచుకుని పంచే వస్తువు) పెట్టే పరమ భక్తులున్నారు. వారి జోలికి పోవద్దు.

సూత్రం చిన్నదే. కీ కొట్టడం, క్లిక్కు, సర్వర్ జవాబు అన్నీ అబ్జర్వబుల్సే, అంటే కాలక్రమంలో విలువలు పంపే ప్రవాహాలే (స్ట్రీములే). సబ్‌స్క్రైబ్ చెయ్యనిదే, అంటే ఆ ప్రవాహాన్ని వింటానని చెప్పనిదే, హెచ్‌టీటీపీ రిక్వెస్టు గడప దాటదు. కొత్తగా చేరినవాడు సేవ్ నొక్కి, బ్రౌజర్లో రిక్వెస్టులు చూపే నెట్‌వర్క్ ట్యాబ్ ఖాళీగా కనిపిస్తే బ్యాకెండ్ వాళ్ల మీద టికెట్ వేస్తాడు. మర్నాడు అదే అబ్జర్వబుల్‌ను టెంప్లేట్లో మూడుచోట్ల తనంతట తానే సబ్‌స్క్రైబ్ చేసే అసింక్ పైప్‌కు తగిలిస్తాడు. ఒకే జవాబును అందరికీ పంచే షేర్‌రీప్లే లేదు కనుక మూడు రిక్వెస్టులు వెళతాయి. ఈసారి టికెట్ బ్యాకెండ్ వాళ్లు వేస్తారు.

ఇక పూజాక్రమం. వాల్యూఛేంజెస్ (బాక్సులో మారే రాత), 300 మిల్లీసెకన్ల డిబౌన్స్‌టైమ్ (టైపింగ్ అంతసేపు ఆగేదాకా నిరీక్షణ), డిస్టింక్ట్‌అంటిల్‌ఛేంజ్డ్ (రాత మారకపోతే మళ్లీ పంపదు), ఆపై స్విచ్‌మ్యాప్ (కొత్తది రాగానే పాత రిక్వెస్టును వదిలేస్తుంది). బదులుగా దేన్నీ వదలకుండా అన్నిటినీ కలిపి నడిపే మెర్జ్‌మ్యాప్ పెడితే 'హైద'కు రావలసిన జవాబు ఆలస్యంగా వచ్చి 'హైదరాబాద్' ఫలితాల నెత్తిన కూర్చుంటుంది. ఆఫీసు వైఫైలో ఈ దర్శనం దుర్లభం. అలాగని స్విచ్‌మ్యాప్‌ను పేమెంట్ బటన్‌కూ పెడితే, రెండో నొక్కుకు మొదటి రిక్వెస్టు బ్రౌజర్లో రద్దవుతుంది గానీ సర్వర్లో డబ్బు అప్పటికే కట్ అయి ఉండొచ్చు. అక్కడ ఎగ్జాస్ట్‌మ్యాప్ పెట్టాలి. మొదటిది తేలేదాకా రెండో నొక్కును అది చెవిన పెట్టదు.

ఎర్రర్‌ను పట్టుకునే క్యాచ్‌ఎర్రర్‌ను పైప్ (పై పూజాక్రమం వరుస) చివర పెడితే కోడ్ రివ్యూలో చూడముచ్చటగా ఉంటుంది. సర్వర్ ఒక్కసారి 500 (సర్వర్ లోపం) ఇచ్చిందా, మొత్తం స్ట్రీమే ముగిసిపోతుంది. ఆ తర్వాత ఎంత టైపు చేసినా రిక్వెస్టు కదలదు, కొత్త ఎర్రరూ రాదు. "పేజీ రిఫ్రెష్ చెయ్యండి సార్" అనే సపోర్ట్ వారి మంత్రం అప్పుడే ఫలిస్తుంది. మంత్రం అక్కర్లేదనుకునేవారు క్యాచ్‌ఎర్రర్‌ను స్విచ్‌మ్యాప్ లోపల, హెచ్‌టీటీపీ కాల్‌కే తగిలించాలి.

చివరిది ఉద్వాసన, అంటే అన్‌సబ్‌స్క్రైబ్. సంకేతం రాగానే ప్రవాహాన్ని ఆపే టేక్‌అంటిల్ పైప్‌లో ఆఖరున ఉండాలి. స్విచ్‌మ్యాప్‌కు ముందే రాస్తే, లోపల 5 సెకన్లకోసారి సర్వర్‌ను పలకరించే ఇంటర్వల్, కాంపొనెంట్ (పేజీలోని ఆ భాగం) పోయినా నడుస్తూనే ఉంటుంది. టేక్‌అంటిల్ కంటికి కనిపిస్తోంది కదా, మెమరీ లీక్ (పని అయిపోయినా విడుదల కాని మెమరీ) కోసం అక్కడ ఎవరూ వెతకరు.