యిర్మీయా 29:11 ఒక్క వచనమే కాదు, అదొక ఉత్తరం

నాన్న ఐసీయూలో ఉన్న నాలుగో రోజు అనుకుంటా, బయట కుర్చీలో కూర్చుని ఉన్నా, చర్చికి సంబంధించిన ఒకాయన వచ్చి భుజం తట్టి "బాధపడకు సిస్టర్, దేవుని ప్లాన్‌లో ఉంది, యిర్మీయా 29:11 చదువుకో" అని వెంటనే వెళ్లిపోయారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ ఆ మాట తర్వాత నేను ఏడవడం కూడా అవిశ్వాసమేమో అనిపించి బాత్రూమ్‌లోకి వెళ్లి ట్యాప్ తిప్పి ఏడ్చాను. ఇది ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నా.

ఆ వచనం నాకు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు, ఫోన్ వాల్‌పేపర్ కూడా అదే. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." కానీ ఆ అధ్యాయం మొత్తం కూర్చుని చదివింది మాత్రం నాన్న పోయాకే. అది యెరూషలేము నుంచి బబులోనుకు బందీలుగా చెరపట్టబడిపోయిన యూదులకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అండీ. పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది, అందులో 70 ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను అని ఉంది. 70! ఆ ఉత్తరం విన్నవాళ్లలో నలభై ఏళ్లు దాటినవాళ్లు ఎవరైనా తిరిగి యెరూషలేము చూసి ఉంటారా? దేవుడు వాళ్లతో మూటలు సర్దుకోండి అనలేదు, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అన్నాడు.

దాని ముందు అధ్యాయం కూడా చదవాలి. హనన్యా అని ఒక ప్రవక్త లేచి రెండేళ్లలో చెరపోయినవాళ్లూ, దోచుకుపోయిన గుడి వస్తువులూ అన్నీ తిరిగి వచ్చేస్తాయి అని అందరి ముందూ దేవుని పేరు మీద చెప్పేశాడు. యిర్మీయా దానికి ఏమన్నాడో తెలుసా, మొదట ఆమేన్ అన్నాడు, యెహోవా అలాగే చేయాలి అన్నాడు. ఆయనకీ అదే కావాలి, ఆయనకీ ఇంటి మీద ప్రేమే కదా. కానీ దేవుడు చెప్పింది అది కాదు, రెండేళ్లన్నది అబద్ధం. మనం ఒకళ్లకొకళ్లం "ఈ సంవత్సరమే అయిపోతుంది, నమ్ము" అని చెప్పుకునేటప్పుడు ఎవరి మాట మాట్లాడుతున్నామో ఒక్క క్షణం ఆలోచించుకోవాలి, నాకైతే భయం వేస్తుంది.

నేను దేవుని ప్లాన్‌ని నమ్మట్లేదని కాదు, ముందుకంటే ఇప్పుడే ఎక్కువ నమ్ముతున్నా. యోసేపుని అన్నలు గోతిలో పడేసి బానిసగా అమ్మేసినప్పుడు అతనికి 17 ఏళ్లు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30. మధ్యలో, జైల్లో యోసేపు సాయం పొందిన పానదాయకుల అధిపతి (రాజుకి పానీయం అందించే అధికారి) బయటికెళ్లి అతన్ని మర్చిపోయిన రెండేళ్లు కూడా ఉన్నాయి, ఆ రెండేళ్లలో ఏ కలా రాలేదు ఏ స్వరమూ వినపడలేదు, కనీసం బైబిల్లో ఏమీ రాయలేదు. "దేవుడు అది మేలుకే ఉద్దేశించాడు" అన్న మాట యోసేపే తన నోటితో అన్నాడు, అదీ అంతా అయిపోయాక, అన్నల ముందు ఏడుస్తూ. గోతిలో ఉన్నవాడికి పైనుంచి ఎవరూ వంగి చెప్పలేదు కదా.

యేసయ్య కూడా చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా సమాధికి వెళ్లే ముందు కన్నీళ్లు విడిచాడు. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు బతిమాలాడు, ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. దీన్ని కూడా మనం ప్లాన్ అనే అనాలి, అందులో స్వస్థత లేకపోయినా.

ఆరో రోజు సంఘంలో ఒక పెద్దావిడ వచ్చారు. వచనం చెప్పలేదు. నా ఫోన్ ఆఫ్ అయిపోయిందని చూసి సంచిలోంచి ఛార్జర్ తీసి ప్లగ్‌లో పెట్టి, అమ్మ చెయ్యి పట్టుకుని మూడు గంటలు అలాగే కూర్చున్నారు. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే అని నాకనిపిస్తుంది, నోరు తెరిచాకే దేవునికి కోపం వచ్చింది.

నాన్న ఎందుకు అప్పుడే వెళ్లిపోయారో ఈ రోజుకీ నాకు జవాబు రాలేదు. రోజూ అడుగుతున్నా. కీర్తనల్లో దావీదు "ఎంతకాలము" అని అడిగాడు కదా, నేనూ అలాగే అడుగుతున్నా, అడగడం అయ్యాక లేచి అమ్మకి బీపీ మాత్ర ఇచ్చి ఆఫీసుకి వెళ్తున్నా. నా బబులోనులో ఇల్లు కట్టుకోవడం అంటే ప్రస్తుతానికి ఇదే.

మా సంఘంలో ఒక అక్క భర్త నిన్న హాస్పిటల్‌లో చేరారు. సాయంత్రం వెళ్తున్నా. ఏం చెప్పాలో తెలీదు, ఛార్జర్ మాత్రం బ్యాగులో పెట్టుకున్నా.