చప్పిడి తిండి పెట్టమని పంపేస్తే సరిపోయిందా?

గుండె వీక్‌గా ఉంది, పంపింగ్ తగ్గింది అని తేలిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు మందుల గురించి కాస్తో కూస్తో చెప్తారు. తిండి దగ్గరికొచ్చేసరికి ఒకటే ముక్క: "ఉప్పు తగ్గించండి, నీళ్ళు తగ్గించండి." ఎంత తగ్గించాలి? దేంట్లో తగ్గించాలి? అసలు ఏం పెట్టాలి? ఎవరూ చెప్పరు. మా నాన్నగారికి ఇదే జబ్బు, అంటే హార్ట్ ఫెయిల్యూర్, అని తేలినప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది ఇక్కడే. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో ఒక లైను కొట్టి చేతికిచ్చారు. వంట చేసేది మా అమ్మ. మందుల సంచి పట్టుకుని ఆ గదిలోనే నిలబడి ఉంది. ఆవిడ వైపు తిరిగి ఒక్క మాట మాట్లాడినవాళ్ళు లేరు.

ఆ తర్వాత మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. కూరలో ఉప్పు పూర్తిగా మానేస్తారు. నోరు చప్పబడి ఆ మనిషి నాలుగు ముద్దలు తిని లేచిపోతాడు. "అయ్యో, ఏమీ తినట్లేదే" అని జాలిపడి పక్కన ఒక ఆవకాయ బద్ద, ఒక అప్పడం, రెండు చల్ల మిరపకాయలు వేస్తారు. మజ్జిగలో ఉప్పు ఎప్పటిలాగే. అంటే తిండి పోయింది, ఉప్పు మిగిలింది! ఆవకాయ కలిపినవాళ్ళకి వేరే చెప్పాలా, అందులో ఉప్పు ఎంత పోస్తామో? ఉప్పులో ఉండి ఒంటికి నీరు పట్టించేది సోడియం. బజ్జీలో వేసే వంట సోడాలోనూ ఉండేది అదే. గ్యాస్ పట్టేసిందని నీళ్ళలో పొంగించి తాగే పొడీ అంతే.

ఇక చుట్టాల సలహాలు. మా పిన్ని వచ్చి "అక్కా, బావగారికి సైంధవ లవణం వాడు, అది ఏమీ చెయ్యదు" అంది. ప్రేమతోనే అంది. కానీ గులాబీ రంగులో ఉన్నా, కల్లుప్పైనా, ప్యాకెట్ ఉప్పైనా అందులో ఉండేది సోడియం క్లోరైడే. దీనికంటే ప్రమాదం సూపర్ మార్కెట్లో దొరికే 'లో సోడియం' ఉప్పు. సోడియం తగ్గించిన మేర అందులో కలిపేది ఎక్కువగా పొటాషియం క్లోరైడ్. హార్ట్ ఫెయిల్యూర్‌కి వాడే స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్, సాక్యుబిట్రిల్-వాల్సార్టన్ లాంటి మందులు ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. కిడ్నీలు కూడా అంతంతమాత్రంగా ఉంటే ఆ పొటాషియం హద్దు దాటి గుండె లయే తప్పొచ్చు. డాక్టరుని అడగకుండా ఆ ప్యాకెట్ ఇంట్లోకి రానివ్వకండి. రోజూ కొబ్బరి బోండాం తాగించే ముందు కూడా ఒకసారి అడగండి.

ఉప్పు తగ్గించక్కర్లేదని నేను అనట్లేదు. ఒంట్లో నీరు పట్టేది దాని వల్లే. పెద్దవాళ్ళెవరికైనా రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా అదే అంటుంది. అంటే ఇంచుమించు ఒక చిన్న టీ చెంచా. గుండె జబ్బు మనిషికి ఎంత అనేది డాక్టరు చెప్పాలి. కానీ మరీ కటిక చప్పిడి తిండి పెట్టి మనిషిని ఏడిపిస్తే ప్రాణం నిలుస్తుందనుకోవడానికి ఆధారం లేదు. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సోడియం-హెచ్ఎఫ్ (హెచ్ఎఫ్ అంటే హార్ట్ ఫెయిల్యూర్) పరిశోధనలో 6 దేశాల్లో 806 మంది రోగుల్ని చూశారు. సగం మందిని రోజుకి సోడియం 1,500 మిల్లీగ్రాముల లోపే (ఉప్పు లెక్కలో 4 గ్రాముల లోపు) ఉండేలా తినమన్నారు, మిగతావాళ్ళకి మామూలు సలహాలే. కఠినంగా తగ్గించినవాళ్ళకి జీవితం కాస్త సుఖంగా అనిపించింది, నిజమే. చావులు, ఆసుపత్రి చేరికలు మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు.

నా అసలు బాధ ఆకలి గురించి. ఈ జబ్బులో పేగులకీ కాలేయానికీ నీరు పట్టి రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. ఆకలి చచ్చిపోతుంది. దానికి తోడు మనం పథ్యం పేరుతో గుడ్డు తీసేస్తాం, చేప తీసేస్తాం, పప్పు గ్యాస్ అంటాం. మిగిలేది చారన్నం, జావ. కండ కరిగిపోతుంటుంది, కాళ్ళ వాపు వల్ల బరువు మాత్రం అలాగే కనిపిస్తుంది. వాపు దిగినరోజు చూస్తే చేతులు పుల్లల్లా ఉంటాయి. హార్ట్ ఫెయిల్యూర్‌లో కండ కరిగినవాళ్ళు తొందరగా పోతారని వైద్యులకి తెలుసు. తెలిసీ ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి ఎందుకు చెప్పరు? రోజుకి కిలో బరువుకి 1.1 గ్రాములకి తగ్గకుండా మాంసకృత్తులు అందాలని పోషకాహార నిపుణులు అంటారు. కిడ్నీ జబ్బు ఉంటే ఆ లెక్క మారుతుంది, అడగాలి. 60 కిలోల మనిషికి 66 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చారన్నంతో ఎక్కడ అందుతుంది?

మాకు దారి చూపించింది వేరేచోట ఒక డైటీషియన్ అమ్మాయి. ఆవిడ నన్ను కాదు, నేరుగా మా అమ్మని అడిగింది: "అమ్మా, మీరు ఉప్పు వేసే చెంచా ఎంతుంటుంది?" అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. ఇప్పుడు అమ్మ పొద్దున్నే ఒక చిన్న గిన్నెలో నాన్నగారి వాటా ఉప్పు తీసి పక్కన పెడుతుంది. కూర ఒకే బాణలిలో, ఉప్పు లేకుండానే వండుతుంది. దించే ముందు ఆయనకి విడిగా తీసి, మిగిలినదాంట్లో మాకు ఉప్పు వేస్తుంది. ఆయనకి కంచంలో వడ్డించాక కూర మీద చిటికెడు చల్లుతుంది. పైనున్న ఉప్పు ముందు నాలుకకి తగులుతుంది కాబట్టి కొంచెమే అయినా రుచి తెలుస్తుంది. మామిడికాయ పప్పు, వెల్లుల్లి దట్టంగా వేసిన పోపు, నిమ్మకాయ పిండిన చేప. మజ్జిగలో ఉప్పు బదులు అల్లం, కరివేపాకు. మూడు పూటల భోజనాన్ని ఐదారుసార్లుగా కొంచెం కొంచెం పెడుతుంది. నాన్నగారు మళ్ళీ "ఇంకొంచెం పప్పు వెయ్యి" అని అడుగుతున్నారు.

నీళ్ళ సంగతీ అంతే. మే నెల ఎండల్లో రెండు గ్లాసులే అని కట్టేసేవాళ్ళున్నారు. ఎన్ని లీటర్లో అంకె అడగండి, అందులో కాఫీ, చారు, జావ, మజ్జిగ కూడా కలుస్తాయా అని అడగండి. రోజూ పొద్దున టిఫిన్‌కి ముందు బరువు చూసి కాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది ఒళ్ళు చెయ్యడం కాదు, నీరు. వెంటనే ఫోన్ చెయ్యాలి. ఐరన్ పరీక్ష చేశారా అని కూడా అడగండి, ఈ రోగుల్లో దాదాపు సగం మందికి ఆ లోపం ఉంటుంది.

ఆసుపత్రులవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. లక్షల బిల్లు వేస్తున్నారు. అందులో ఒక్క అరగంట, వంట చేసే మనిషిని కూర్చోబెట్టి, తెలుగులో, చెంచా గ్లాసు చూపించి మాట్లాడండి. ఇళ్ళల్లోవాళ్ళు కూడా ఆ మాట జరిగేదాకా డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టకండి.