నార్వేకి మంచు రాణి, ఫ్రాన్స్‌కి ఎలుక, మరి జర్మనీకో?

ఫ్లోరిడాలోని డిస్నీ వారి ఎప్‌కాట్ పార్కులో వరల్డ్ షోకేస్ అని ఒక భాగం ఉంది. పెద్ద చెరువు, దాని గట్టున పదకొండు దేశాల పెవిలియన్లు. మెక్సికో దగ్గర మొదలుపెట్టి కెనడా దాకా నడిస్తే సుమారు రెండు కిలోమీటర్లు. 1982లో దీన్ని కట్టినవాళ్లు ఒక పెద్ద పొరపాటు చేశారు. జనానికి పరాయి దేశాల మీద ఆసక్తి ఉంటుందని నమ్మారు.

ఆ పొరపాటును తర్వాతి తరం వారు ఓపిగ్గా సరిదిద్దుతున్నారు. వారికి నా పూర్తి మద్దతు. పని మరీ నెమ్మదిగా సాగుతోందన్నదొక్కటే నా బాధ.

నార్వే సంగతే చూడండి. 1988లో అక్కడ మేల్‌స్ట్రామ్ అనే పడవ రైడ్ పెట్టారు. అందులో వైకింగులుండేవారు, పడవను వెనక్కి తోసేసే ట్రోల్ భూతాలుండేవి, చివర్లో ఉత్తర సముద్రంలో చమురు తోడే రిగ్గు ఉండేది. పడవ దిగాక ఆ దేశం గురించి ఐదు నిమిషాల సినిమా. చాలామంది ఆ హాల్లోకి ఈ తలుపులోంచి వచ్చి, కూర్చోకుండానే ఆ తలుపులోంచి వెళ్లిపోయేవారు. ప్రజాభిప్రాయ సేకరణ ఇంతకంటే స్పష్టంగా ఎక్కడా జరగదు. 2014 అక్టోబరులో దాన్ని మూసేసి, 2016 జూన్‌లో అదే కాలవలో, అవే పడవలతో, మంచు రాణి ఎల్సా కథతో డిస్నీ తీసిన ఫ్రోజెన్ కార్టూన్ సినిమా పేరిట రైడ్ తెరిచారు. ఇప్పుడా పడవలు వెళ్లేది ఆరెండెల్ అనే రాజ్యానికి. అలాంటి రాజ్యం భూమ్మీద లేదు, అదే దానిలోని సుఖం. లేని దేశానికి రాయబారి ఉండడు. "మా చరిత్ర తప్పు చూపించారు" అని ఉత్తరాలు రాసే ప్రొఫెసర్లుండరు. పైగా మంచు రాణి గౌను కొనిపెట్టమని ఐదేళ్ల పాప షాపులో నేలమీద పడి ఏడుస్తుంది గానీ, చమురు రిగ్గు కోసం ఇంతవరకూ ఏ పాపా ఏడవలేదు.

ఈ పెవిలియన్లలో పనిచేయడానికి ఆయా దేశాల నుంచే కుర్రాళ్లను రప్పించడం ఇక్కడి ఆనవాయితీ. అందుకోసం క్యూ వన్ అనే సాంస్కృతిక మార్పిడి వీసా ఉంది. 1990 నాటి వలస చట్టంతో వచ్చిన ఈ వీసాకి 'డిస్నీ వీసా' అని ముద్దుపేరు. గరిష్ఠంగా పదిహేను నెలలు ఉండొచ్చు. పాపం, ఓస్లో నుంచి వచ్చిన అమ్మాయి తమ సముద్రపు పాయల గురించో నోబెల్ శాంతి బహుమతి గురించో చెబుదామని సిద్ధంగా నిలబడుతుంది. వచ్చినవాళ్లు అడిగేది ఒకటే: "ఎల్సా ఎక్కడ?" మార్పిడి జరగలేదని ఎవరూ అనలేరు. తను తెచ్చిన సంస్కృతిని భద్రంగా సూట్‌కేసులోనే ఉంచుకుని, ఇక్కడి సంస్కృతిని నేర్చుకుని వెళ్తోంది.

మెక్సికోలో ఈ సంస్కరణ ముందే జరిగింది. పిరమిడ్ లోపల పాతికేళ్లపాటు 'కాలనది' అనే పడవ రైడ్ నడిచింది. మాయన్ల నాటి నుంచి ఈనాటి దాకా ఆ దేశపు కథ. 2007లో దాన్ని మార్చారు. ఇప్పటి కథలో కచేరీ వేళకి డోనాల్డ్ డక్ కనబడకుండా పోతాడు. మెక్సికో కోడిపుంజూ బ్రెజిల్ చిలుకా కలిసి అతన్ని దేశమంతా వెతుకుతాయి. ముగ్గురిలో మెక్సికో పౌరసత్వం ఉన్నది ఒక్క పుంజుకే. వేల ఏళ్ల నాగరికత మొత్తం ఒక అమెరికా బాతు ఎటు పోయిందో కనుక్కోవడానికి ఉపయోగపడుతోంది. ఊరికే పడి ఉండడం కంటే నయమే కదా.

ఫ్రాన్స్ విషయంలో మరింత లోతుగా ఆలోచించారు. అక్కడ ఆ దేశపు అందాల మీద తీసిన సినిమా ఒకటి 1982 నుంచీ ఆడుతోంది. అందులో కోటలు, ద్రాక్షతోటలు, వెనక మంచి సంగీతం. కానీ ఎలుకలు లేవు. ఆ లోటు 2021 అక్టోబరు 1న తీరింది. ఇప్పుడు రెమీ అనే వంటగాడు ఎలుక రైడ్‌లో మనం ఎలుకంత అయిపోయి పారిస్ హోటల్ వంటగదిలో బల్లల కింద పరుగులు తీస్తాం. ఫ్రెంచి వంటకు ప్రపంచంలో ఉన్న గౌరవం తెలిసిందే. ఆ గౌరవాన్ని నేలమట్టం నుంచి చూసే అవకాశం ఇంతకు ముందు ఈ గట్టున ఎవరికీ దక్కలేదు.

ఇక పెండింగ్ దేశాలు. జర్మనీలో రైన్ నది మీద పడవ రైడ్ కట్టాలనుకున్నారు, ఆ నది ప్లాన్ కాగితాల్లోనే ఎండిపోయింది. జపాన్‌కి ఫ్యూజీ పర్వతం లోపల రోలర్ కోస్టర్ అన్నారు, అది పునాది దాకా కూడా రాలేదు. బ్రిటన్‌కి గొడుగు పట్టుకుని ఆకాశం నుంచి దిగే సినిమా ఆయమ్మ మేరీ పాపిన్స్ పేరుతో ఏదో పెడతామని 2019లో ప్రకటించారు. ఆ గొడుగు మరి దిగలేదు. మొరాకోది వేరే దారి. 1984లో తమ పెవిలియన్ కోసం రాజు రెండో హసన్ స్వయంగా చేయి తిరిగిన పనివాళ్లను పంపించి, రంగుపలకలు అతికించే పని చేయించాడు. అంత పనితనం చూసి కూడా రైడ్ ఇవ్వలేదు గానీ, పక్క పార్కులోని టవర్ ఆఫ్ టెర్రర్ చెరువు అవతలి నుంచి మొరాకో మేడల వెనక కనబడుతుందని, ఆ టవర్ పైకప్పును వాటికి కలిసిపోయేలా కట్టారు. దూరం నుంచి చూస్తే మొరాకోకీ రైడ్ ఉన్నట్టే. ఎక్కాలంటే మాత్రం ఇంకో టికెట్ కొనాలి.

రైడ్ లేని దేశాల్లో జనం దిగులుగా కూర్చుంటారని అనుకోకండి. ఒక్కో దేశంలో ఒక్కో గ్లాసు పుచ్చుకుంటూ ప్రదక్షిణ చేసే సంప్రదాయం ఒకటి బలంగా నాటుకుంది. కెనడా చేరేసరికి నేల దానంతటదే తిరుగుతుంది. పట్టాలు వేయాల్సిన ఖర్చు కూడా లేదు.

ఈ మొత్తంలో ఘోరమైన అన్యాయం జరిగింది మాత్రం అమెరికాకే. పదకొండు దేశాల నడిమధ్యన దాని పెవిలియన్ ఉంది. అందులో బాతు లేదు, ఎలుక లేదు, రాణి లేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, మార్క్ ట్వేన్ మరబొమ్మలు నిలబడి దాదాపు అరగంట సేపు దేశ చరిత్రను గంభీరంగా చెబుతాయి. పొరుగు దేశాలకు ఇంత ఉదారంగా బొమ్మల్ని పంచిపెట్టి, సొంత దేశాన్ని మాత్రం చరిత్రకు వదిలేశారు. ఇంతటి త్యాగం ఎవరు చేస్తారు?

మనకా గట్టున చోటే లేదని బాధపడేవాళ్లుంటారు. అనవసరం. అదే రిసార్టులోని యానిమల్ కింగ్‌డమ్‌లో ఆనందపూర్ అనే ఊహా రాజ్యం ఉంది. కొంచెం ఇండియా, కొంచెం నేపాల్, ఆసియాలో మిగతాచోట్ల నుంచి ఇంకొంచెం కలిపి చేశారు. అక్కడి ఎవరెస్ట్ రైలు 2006లో మొదలైంది. కొండ లోపల ప్రయాణికుల మీదికి చెయ్యి విసరాల్సిన భారీ యతి, అంటే హిమాలయాల మంచు మనిషి మరబొమ్మ, ఉంది. తెరిచిన కొద్ది కాలానికే అది కదలడం మానేసింది. దింపి బాగుచేయడం కష్టమని, ఏళ్ల తరబడి దాని మీద లైట్లు టపటపా వెలిగించి ఆర్పుతూ కదులుతున్నట్టు భ్రమ పుట్టించారు. పని మానేసినా సీటు ఖాళీ చేయకుండా, పైన లైటింగుతో నెట్టుకొచ్చే పెద్దమనిషిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మన వాతావరణాన్ని ఇంత బాగా పట్టుకున్న రైడ్ మరొకటి లేదు.

అయినా పట్టుబట్టి పెవిలియన్ అడగాలంటే, దరఖాస్తులో తాజ్‌మహల్ గురించి రాయకండి. అర్హత రాయాల్సింది మోగ్లీ పేరు మీద. కుర్రాడు మన అడవివాడే, కార్టూన్ సినిమా వాళ్లదే, ఇంకేం కావాలి? రైడ్ ముందు వస్తే దేశం తర్వాత వస్తుంది. అప్పుడు క్యూ వన్ వీసా మీద మన పిల్లలు కూడా వెళ్లి, "ఎలుగుబంటి ఎక్కడ?" అని అడిగినవాళ్లకి దారి చూపిస్తారు. ఆ వీసాకి హెచ్ వన్ బీలాగా లాటరీ లేదన్న మాట ఒక్కసారి బయటికి పొక్కనివ్వండి. రైడ్ ముందు క్యూ కంటే ఆ ఉద్యోగానికి నిలబడే క్యూ పొడుగవుతుంది.