"గెలిస్తే చాలు, ఎట్లాడితే ఏమి?" అనేవాళ్లకు జవాబు

కడప నుంచి అనంతపురం దాకా ఫుట్‌బాల్ గ్రూపుల్లో ఒక వాదన తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: స్కోరుబోర్డు అబద్ధం చెప్పదు. అందంగా ఆడే టీములు చివరికి ఓడిపోతాయి, హంగరీ, హాలండ్, 1982 బ్రెజిల్ అందుకు సాక్ష్యం. డిఫెన్స్ ఆడి గెలవడం కూడా కళే. అభిమానికి కావాల్సింది కప్పు, అందం రాసుకునేవాళ్లకు. మన పిల్లలకు కూడా ముందు గెలవడం నేర్పాలి, ఆట తర్వాత చూసుకోవచ్చు.

వరసగా చూద్దాం. ఆఖరి మాట దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే దాని నష్టం మన గ్రౌండ్లలోనే జరుగుతోంది.

"స్కోరుబోర్డు అబద్ధం చెప్పదు"

అబద్ధం చెప్పదు, నిజమే. కానీ చెప్పేది చాలా తక్కువ. 2022 వరల్డ్ కప్‌లో 64 మ్యాచుల్లో 172 గోల్స్ పడ్డాయి, అంటే మ్యాచుకు మూడు కూడా లేవు. ఇంత తక్కువ స్కోరుండే ఆటలో డిఫెండర్ కాలికి తగిలి దారి మళ్లిన ఒక్క బంతి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. అదే కప్‌లో అర్జెంటీనా మొదటి మ్యాచ్ గుర్తు చేసుకోండి. మొదటి సగంలో మూడుసార్లు బంతి సౌదీ నెట్‌లోకి వెళ్లినా ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణానికి డిఫెన్స్ లైను దాటి ఉండటం) కింద పోయాయి, చివరికి 2-1తో సౌదీ గెలిచింది. ఆ రోజు స్కోరు ఒక్కటే చూసినవాడికి అర్జెంటీనా పనికిరాని టీము. ఆట చూసినవాడికి రెండు సంగతులు తెలిశాయి: సౌదీ డిఫెన్స్ లైను ఎంత ధైర్యంగా ముందుకొచ్చి నిలబడిందో, అర్జెంటీనా ఆ లైను వెనక్కి ఎన్నిసార్లు పోగలిగిందో. చివరికి కప్పు అర్జెంటీనాకే వచ్చింది.

38 మ్యాచుల లీగులో అదృష్టం చాలావరకు సర్దుకుంటుంది, అక్కడ పాయింట్ల పట్టికను నమ్మవచ్చు. నాకౌట్‌లో ఒక్క రాత్రి ఫలితంతో టీము విలువ కట్టడం మాత్రం తొందరపాటే.

"అందంగా ఆడేవాళ్లు కప్పు గెలవరు"

ఓడిన టీములను ఏరి చూపిస్తే ఏదైనా రుజువు చేయొచ్చు. గెలిచినవీ చెప్పాలి కదా. 1970 వరల్డ్ కప్‌లో బ్రెజిల్ ఆడిన ఆరూ గెలిచి, 19 గోల్స్ కొట్టి, ఫైనల్లో ఇటలీని 4-1తో ఓడించింది. కోచ్ సాకీ నడిపిన ఇటలీ క్లబ్బు మిలాన్ 1989 యూరోపియన్ కప్ (ఇప్పటి చాంపియన్స్ లీగ్) ఫైనల్లో 4-0తో గెలిచి, మరుసటేడు కప్పు మళ్లీ నిలబెట్టుకుంది. అదే కప్పు బార్సిలోనా 2009లో, 2011లో. స్పెయిన్ 2008, 2012 యూరోలు (ఐరోపా దేశాల కప్పు), 2010 వరల్డ్ కప్ మూడూ.

ఇక 1982 బ్రెజిల్. సెమీస్ చేరడానికి ఇటలీతో డ్రా చాలు, 3-2తో ఓడిపోయింది. అందంగా ఆడినందుకే ఓడిందనేది పైపై మాట. ఇటలీ రెండో గోల్ చూడండి. బ్రెజిల్ ఆటగాడు సెరెజో తన డిఫెన్స్ ముందర అడ్డంగా నిర్లక్ష్యంగా పాస్ వదిలాడు, ఇటలీ స్ట్రైకర్ రోసీ దాన్ని మధ్యలో పట్టుకుపోయాడు. మూడోది కార్నర్ తర్వాత బంతిని పూర్తిగా బయటికి కొట్టలేక ఇచ్చుకున్న గోల్. ఇవి పనిలో లోపాలు. ఎట్లాంటి పద్ధతిలో ఆడినా అక్కడ అట్లా చేస్తే గోలు పడుతుంది.

హంగరీ 1950 నుంచి 1954 వరల్డ్ కప్ ఫైనల్ దాకా ఒక్క మ్యాచూ ఓడలేదు. అదే టోర్నీ గ్రూపు దశలో పశ్చిమ జర్మనీని 8-3తో కొట్టింది, ఆ మ్యాచులోనే హంగరీ కెప్టెన్ పుష్కాష్ చీలమండ దెబ్బతింది. పూర్తిగా కోలుకోకుండానే ఫైనల్ ఆడాడు, హంగరీ 3-2తో ఓడింది. నాలుగేళ్ల ఆటను ఆ ఒక్క సాయంత్రం కొట్టేస్తుందా?

అందం అంటే కాళ్ల మధ్య బంతి తిప్పే గారడీ అనుకోవడంలోనే ఈ వాదనంతా పుడుతోంది. 1970 ఫైనల్ నాలుగో గోల్‌ను నిదానంగా చూడండి. క్లోడోఆల్డో తన సగంలోనే నలుగురిని తప్పించుకుని బంతి ఎడమకు ఇస్తాడు, రివెలినో లైను వెంబడి జైర్జిన్యోకి పంపిస్తాడు. జైర్జిన్యో కుడి వింగర్. వాడు ఎడమ పక్కకు ఎందుకొచ్చాడు? వాడిని అంటిపెట్టుకున్న ఇటలీ లెఫ్ట్ బ్యాక్ ఫకెట్టి కూడా వెంట రావాలని. వచ్చాడు. దాంతో బ్రెజిల్‌కు కుడి పక్కంతా ఖాళీ. బంతి పెలే దగ్గరికి చేరాక పెలే షాట్ కొట్టడు, ఆగుతాడు. వెనక నుంచి పరుగెత్తి వస్తున్న కార్లోస్ అల్బెర్టో అడుగు సరిగ్గా పడే చోటికి బంతిని మెల్లగా దొర్లిస్తాడు. ఆ ఆగడమే ఆ గోల్‌లో అందం, ఆ ఆగడం వల్లే అది గోలైంది. ఈ రెంటినీ విడదీసి ఏది కావాలో ఎంచుకోమంటే ఎట్లా?

ఎదుటి పక్షం కోసం ఒక మాట ఒప్పుకోవాలి. బంతి దగ్గర పెట్టుకోవడమే అందం కాదు. 2022లో మొరాకో మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు ఇచ్చి, 120 నిమిషాల్లో గురి తప్పకుండా గోలు మీదికి ఒకే ఒక్క షాట్ కొట్టి, పెనాల్టీల్లో ఇంటికి పోయింది. ఎదుటివాడిని ఒక్క అడుగూ కదిలించని పాస్ చూడ్డానికీ విసుగే, ఆటకూ దండగే.

"డిఫెన్స్ ఆడి గెలవడం కూడా కళే"

నూటికి నూరు పాళ్లు. 2004 యూరోలో గ్రీస్ క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ మూడూ 1-0తోనే గెలిచింది. మ్యాన్ మార్కింగ్‌లో (ఎదుటి ఆటగాడిని ఒక్కొక్కరు అంటిపెట్టుకోవడం) వాళ్ల క్రమశిక్షణ, హెడర్ల మీద వాళ్ల సాధన గొప్పవి. అయితే 2006 వరల్డ్ కప్‌కు ఆ టీము అర్హత సాధించలేదు, 2008 యూరోలో మూడుకు మూడూ ఓడింది. ఆ పద్ధతి నిలకడగా గెలిపిస్తుందనే భరోసా కూడా లేదు.

డిఫెన్స్ ఆడటం వేరు, ఆటనే ఆపేయడం వేరు. 1982లో హిహోన్‌లో వరల్డ్ కప్ గ్రూపు ఆఖరి మ్యాచులో పశ్చిమ జర్మనీ ఆస్ట్రియా మీద పదో నిమిషంలో గోల్ కొట్టింది. 1-0 అయితే తనూ ఆస్ట్రియా ఇద్దరూ ముందుకు పోతారు, అల్జీరియా ఇంటికి పోతుంది. మిగతా సమయంలో చాలాసేపు బంతిని అటూ ఇటూ నెట్టుకుంటూ గడిపేశారు. "ఫలితం ఒక్కటే" అనే సూత్రం ప్రకారం ఇద్దరూ సరిగ్గానే ఆడారు! ఆ తర్వాత నుంచే గ్రూపు ఆఖరి మ్యాచులు ఒకే సమయానికి పెడుతున్నారు. 1990 వరల్డ్ కప్ సగటు 2.21 గోల్స్‌కు పడిపోయింది. లీడు రాగానే బంతిని గోల్‌కీపర్‌కు వెనక్కివ్వడం, అతను చేతుల్లోకి తీసుకుని సమయం తినడం. 1992లో బ్యాక్‌పాస్‌ను చేత్తో పట్టడం నిషేధించారు, 1994 నుంచి వరల్డ్ కప్‌లో గెలుపుకు మూడు పాయింట్లు ఇచ్చారు. ఎట్లాగైనా గెలవడమే ఆట అయితే ఈ నియమాల అవసరమే లేదు.

"అభిమానికి కప్పే కావాలి"

మన దగ్గర చాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఎక్కువగా మొదలయ్యేది రాత్రి పన్నెండున్నరకో ఒకటిన్నరకో. ఫలితమే కావాలంటే పొద్దున లేచి ఫోన్ చూస్తే ఐదు సెకన్ల పని. నిద్ర మానుకుని కూర్చున్నవాడు ఆట కోసమే కూర్చున్నాడు.

"పిల్లలకు ముందు గెలవడం నేర్పండి"

అనంతపురంలో ఫుట్‌బాల్ కొత్త సంగతి కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లోనూ, పల్లె స్కూళ్ల గ్రౌండ్లలోనూ వందల మంది పిల్లలు ఆడుతున్నారు. లైను బయట నుంచి మాత్రం ఒకటే అరుపు: "ఎనక్కి యాలిస్తావురా, ముందరికి తన్ను!"

పదకొండేళ్ల లోపు మ్యాచుల్లో ఈ మాట ఫలితం ఇస్తుంది, అదే చిక్కు. పెద్ద గోల్‌పోస్ట్ 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. నాలుగున్నర అడుగుల కీపర్ చెయ్యెత్తి ఎగిరినా బారు అందదు. వయసుకు మించి పొడుగైన పిల్లవాడిని ముందర పెట్టి, ఎత్తుగా తంతే గోలు పడుతుంది, కప్పు వస్తుంది. మధ్యలో ఆడే పిల్లలు మ్యాచంతా తల మీదుగా పోయే బంతిని చూస్తూ ఉంటారు. పదిహేనేళ్లకు కీపర్లు పెరుగుతారు, డిఫెండర్లు పెరుగుతారు, ఆ పొడుగు పిల్లవాడు మామూలు ఎత్తవుతాడు. అప్పటికి ఒత్తిడిలో బంతి ఆపడం ఎవరికీ రాదు. ఆ వయసులో మొదటి నుంచి నేర్పడం చాలా కష్టం.

పాసులాట మనకు పట్టదనేవాళ్లకు హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చాలు. ఆయన నడిపిన భారత టీము 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుది కాదు. పన్నెండేళ్ల లోపు వాళ్లకు నాలుగో నంబరు (చిన్న సైజు) బంతి, ఏడుగురి టీము, 60 గజాల పొడవు, 40 గజాల వెడల్పు గ్రౌండు చాలు. మన ఎర్రమట్టి గట్టిది, నిండా గాలి కొట్టిన బంతి మోకాలి ఎత్తుకు లేచి పిల్లల కాలికి దొరకదు. నియమం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా గాలి ఒత్తిడికి ఒప్పుకుంటుంది, కింది అంచు దగ్గర పెట్టండి. వీలైతే ముందు రోజు సాయంత్రం నీళ్లు చల్లండి, దుమ్ము అణుగుతుంది, పాస్ నేల మీద పోతుంది. ప్రాక్టీసు మొదట్లో ఎనిమిది మీటర్ల చదరంలో నలుగురు బయట, బంతి లాక్కునేవాడు ఒకడు మధ్యలో, ఒక్కొక్కరికి రెండు టచ్‌లే. బంతి వచ్చేవైపున్న కాలితో కాకుండా అవతలి కాలితో ఆపమనండి. అప్పుడు ఒళ్లు సగం తిరిగి ఉంటుంది, తర్వాతి పాస్ ఎటో ముందే కనబడుతుంది. చాలామంది పిల్లలు దగ్గరి కాలితో ఆపి, అక్కడే ఇరుక్కుపోయి, భయపడి ముందుకు తన్నేస్తారు.

టోర్నీ పెట్టేవాళ్లు చిన్న గోల్‌పోస్టులు కొనలేకపోతే, పెద్ద పోస్టుల మధ్య 12 అడుగుల దూరంలో రెండు కర్రలు పాతి, ఆరడుగుల ఎత్తున తాడు కట్టండి. తాడు పైనుంచి పోయింది గోలు కాదు. రెండో మ్యాచుకే పిల్లలు బంతిని కింద ఆడటం మొదలుపెడతారు, ఎవరూ అరిచి చెప్పక్కర్లేదు.