బరంపురంలో గేముల కొట్టు: పాత డిస్కు తిరిగితేనే బేరం

బరంపురంలో వీడియో గేముల కొట్టు పెడదామనుకుంటున్నానని ఏ కుర్రాడైనా ఇంట్లో అంటే పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: ఫోన్లో ఉత్తినే ఆడుకుంటుంటే డబ్బులిచ్చి కొనేదెవరు? ఆ అనుమానం సగం నిజమే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని నిషేధించారు, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని ఆపారు. పిల్లలు ఫోన్ వదల్లేదు, ఇంకో ఆట వెతుక్కున్నారు. కానీ ఫోన్లో ఆడేవాడూ, టీవీకి ప్లేస్టేషన్ లాంటి కన్సోల్, అంటే గేములాడే మెషీను, తగిలించుకుని ఆడేవాడూ ఒకటే గిరాకీ కాదు. రెండో రకం వాళ్లు తక్కువమందే. ఆ తక్కువమందిని నమ్ముకుని గిరి రోడ్డులో నెలనెలా అద్దె కట్టగలమా అన్నదే తేల్చుకోవాల్సిన లెక్క. కట్టగలమనే నా అభిప్రాయం. అయితే కొత్త గేములు అమ్మి మాత్రం కాదు.

ముందు ఊరి సంగతి చూద్దాం. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, విశ్వవిద్యాలయం, ఐసర్, చుట్టూ ఇంజినీరింగు కాలేజీలు. హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లకు కొదవ లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మద్రాసు కింద ఉన్న బరంపురం అటు పోయింది గాని, బజారు మాత్రం ఆ సరిహద్దును పెద్దగా పట్టించుకోలేదు. పాతిక కిలోమీటర్లలో ఉన్న ఇచ్ఛాపురం వాళ్లు పట్టుచీరకీ, డాక్టరుకీ ఇప్పటికీ ఇక్కడికే వస్తారు. అటు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో చదువుకునే పిల్లలకు విశాఖో భువనేశ్వరో వెళ్లడమంటే ఒక రోజు పని. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఈ ఊళ్లో చాలా తెలుగిళ్లలో ఒక కొడుకో అల్లుడో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు. జీతం వచ్చిన కొత్తలో పీఎస్4 (నాలుగో తరం ప్లేస్టేషన్) కొంటాడు, పెళ్లయ్యాకో పాప పుట్టాకో దాన్ని అటకెక్కిస్తాడు. దసరాకో, రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి జాతరకో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి దిగినప్పుడు, ఇంట్లో మూలపడ్డ ఆ డబ్బాని ఏం చెయ్యాలో తోచదు. మన కొట్టుకి సరుకు రావలసింది అక్కడినుంచే.

కొత్త సరుకు లెక్క ఎందుకు కుదరదో చూడండి. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చినప్పుడు డిస్కు మోడల్ 49,990 రూపాయలు. 2024లో స్లిమ్ అనే సన్నటి మోడల్ వచ్చినప్పుడు 54,990. అప్పట్లో పెద్ద గేములు ఒక్కోటి 4,999. నాలుగు కన్సోళ్లు, ఇరవై గేములు అద్దాల బీరువాలో పెట్టేసరికి మూడు లక్షల పైమాటే. అదే సరుకు ఆన్‌లైన్‌లో బ్యాంకు కార్డు తగ్గింపుతో, ఈఎంఐతో రెండో రోజుకి గుమ్మంలోకి వస్తుంది. ఆ ధరతో పోటీ పడితే డబ్బా మీద మనకి మిగిలేది కరెంటు బిల్లుకి కూడా చాలదు.

ఇది మన ఊరి కష్టమే కాదు. అమెరికాలో ఈ వ్యాపారంలో అందరికంటే పెద్దదైన గేమ్‌స్టాప్ బాగా నడిచిన రోజుల్లో, అంటే 2010 తర్వాతి తొలి సంవత్సరాల్లో, దాని వార్షిక నివేదికలు తిరగేస్తే ఇదే కనిపిస్తుంది. కొత్త కన్సోళ్ల మీద మిగులు పది శాతం లోపు, కొత్త గేముల మీద ఇరవైకి కాస్త అటూ ఇటూ, పాతవాటి మీద దాదాపు సగం. అంత పెద్ద కంపెనీకే కొత్త సరుకు గిరాకీని గుమ్మం దాటించడానికి పనికొచ్చింది, పాత సరుకు జీతాలిచ్చింది.

పాత డిస్కు ఎలా సంపాదిస్తుందో ఒక లెక్క వేసుకుందాం. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలే. ఒక గేము విడుదలైన నెలకి, కథ పూర్తిచేసినవాడు మనకి 2,500కి ఇచ్చాడు. మనం 3,200కి అమ్మాం. కొన్నవాడు రెండు నెలలాడి తిరిగి తెచ్చాడు, 2,000 ఇచ్చాం, 2,600కి అమ్మాం. మళ్లీ వచ్చింది, 1,500కి తీసుకుని 2,000కి వదిలించుకున్నాం. ఆ ఒక్క డిస్కు మూడు చేతులు మారి మనకి 1,800 ఇచ్చింది. 4,999 కొత్త గేము మీద పది శాతం మిగిలినా అయిదొందలే, అదీ ఒక్కసారే. పైగా పాతది తెచ్చినవాడు డబ్బు జేబులో వేసుకుని పోవడం తక్కువ, ఆ డబ్బుకి ఇంకోటి పట్టుకుపోతాడు. కాబట్టి కౌంటరు మీద రెండు ధరలు ఉండాలి. రొక్కం కావాలంటే ఒకటి, మార్పిడికైతే దానికి నూరో రెండొందలో ఎక్కువ.

ఇక్కడ డబ్బు అమ్మేటప్పుడు రాదు, కొనేటప్పుడే వస్తుంది. కొనడం తెలియనివాడు ఈ కొట్టు పెట్టకపోవడమే మేలు.

డిస్కు చేతికి రాగానే దీపం కింద అటూ ఇటూ వంచి చూడాలి. పీఎస్2, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ 360 రోజుల గేములు చాలావరకు డీవీడీలు. వాటిలో సమాచారం ఉండే పొర పైనుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, అందుకే గీత పడినా మిషన్ మీద సానబెడితే తేరుకునేవి. పీఎస్3 నుంచి వచ్చినవి బ్లూ-రే డిస్కులు. ఆ పొర 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. పైన గట్టి పూత ఉండబట్టి మామూలు రాపిడికి తట్టుకుంటాయి గాని, గోటికి తగిలే గీత పడితే ఇక అంతే, సానబెట్టడానికి పైన మందమే లేదు. టూత్‌పేస్టు రాస్తే పోతుందని చెప్పేవాళ్లని నవ్వి ఊరుకోవాలి. మధ్య చిల్లు చుట్టూ సన్నటి బీట ఉందేమో కూడా చూడాలి. డబ్బాలోంచి లాగి లాగి తీసేవాళ్ల డిస్కులకి అది వస్తుంది. ఇవన్నీ చూశాక కూడా ఎదురుగా కన్సోల్లో వేసి ఇన్‌స్టాల్ సగం దాటేదాకా ఆగాలి. వచ్చినవాడు తొందరపడితే టీ తెప్పించండి.

కన్సోల్ అయితే ఇంకా ఓపిక కావాలి. గోపాలపురం సముద్రపు గాలి ఇక్కడిదాకా వస్తుంది, ఉప్పు తేమకి టీవీ వైరు తగిలించే హెచ్‌డీఎంఐ సాకెట్టు, స్క్రూలు ముందు చెడతాయి. ఫ్యాను రొదపెడుతుంటే లోపల దుమ్ము పేరుకుందని, చిప్పు వేడిని లాగే పేస్టు ఎండిందని అర్థం. కంట్రోలర్ పుల్ల వదిలేసినా తెర మీద మనిషి తనంతట తానే పక్కకి నడుస్తుంటే అది డ్రిఫ్టు. దాన్ని బాగుచెయ్యడం వచ్చిన కుర్రాడు కొట్టులో ఉంటే ఆ లోపమే మనకి లాభం, లేకపోతే ధరలో అంతా కోసెయ్యాలి. పాత యజమాని తన అకౌంటు తీసేసి, మెషీన్ని మొత్తం రీసెట్ చేసి ఇచ్చాకే డబ్బు ఇవ్వాలి.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. స్కూలు బ్యాగుతో వచ్చి డిస్కు తీసేవాడి దగ్గర కొనొద్దు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాడితో బేరం బేరమే కాదు. మర్నాడు వాళ్ల నాన్న వస్తాడు. "ఏటి బాబూ, నాలుగేలు పెట్టి కొన్నది పన్నెండొందలకి లాగేసేవేటి?" అంటాడు, ఆయన తప్పేం లేదు. "మీ నాన్నగార్ని తీసుకురా తమ్ముడూ" అని పంపేస్తే ఆ నాన్నగారే రేపు మన గిరాకీ. దొంగ సరుకు భయం కూడా ఉంది. హాస్టల్లో పోయిన కన్సోల్‌ని మొదట వెతికేది ఇలాంటి కొట్లోనే. దొంగసొత్తని తెలిసి కొన్నా, అలా అనుమానించాల్సిన కారణాలుండీ కొన్నా భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ కింద మూడేళ్లదాకా శిక్ష ఉంది. అమ్మినవాడి గుర్తింపు కార్డు నకలు, సంతకం, కన్సోల్ సీరియల్ నంబరు రిజిస్టర్లో ఎక్కించడానికి అయిదు నిమిషాలు పడుతుంది, అంతే.

ఏ గేము ఎంతకి కొనాలన్నది ఎవరూ నేర్పరు. ఏటా కొత్తది వచ్చే ఫుట్‌బాల్ గేము, వచ్చే ఏడాదిది రాగానే మూలన పడుతుంది. సెప్టెంబరు దగ్గరపడేసరికి నిరుటిది ఎంత తక్కువకిస్తానన్నా వద్దనాలి. 2013లో వచ్చిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5ని మాత్రం ఇన్నేళ్లయినా అడిగేవాళ్లున్నారు. క్రికెట్ గేములకి మన దగ్గరున్న గిరాకీ పై దేశపు ధరల పట్టికలో కనపడదు. నెట్‌లో కంపెనీ సర్వరుకి కలిస్తేనే ఆడే గేముల జోలికి పోవద్దు. ది క్రూ అనే కార్ల గేము సర్వర్లని దాని కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డిస్కు చేతిలో ఉన్నవాళ్లకీ ఆట పోయింది.

పన్ను దగ్గర రెండు ముక్కలు తెలిస్తే చాలు. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న కొట్టు పాత వస్తువు కొని అమ్మితే, కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నుని మన పన్నులో తగ్గించుకోవడం) తీసుకోకుండా ఉంటే, జీఎస్‌టీ నియమాల్లో 32(5) ప్రకారం మిగులు మీదే పన్ను కట్టొచ్చు. 1,200కి కొని 1,800కి అమ్మిన డిస్కు మీద 18 శాతం లెక్కన, ధరలోనే పన్ను కలిపి ఉందనుకుంటే, 92 రూపాయలు. ఈ పద్ధతి తెలియక మొత్తం ధర మీద కడితే 275. ఆ తేడాయే అద్దె. రెండోది సరిహద్దు ఊళ్లకే పట్టే తిరకాసు. ఒడిశాలో వస్తువులు మాత్రమే అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిపేర్లు కూడా చేసి డబ్బు తీసుకుంటే ఆ హద్దు 20 లక్షలకి దిగుతుంది. వస్తువు రాష్ట్రం దాటితే మాత్రం ఈ మినహాయింపులేవీ ఉండవు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పదు. ఇచ్ఛాపురం కుర్రాడికి బస్సులో పార్సిల్ వేసినా అంతే. 2023 అక్టోబరు నుంచి, రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు చిరునామా బిల్లు మీద ఏ రాష్ట్రానిదైతే అమ్మకం ఆ రాష్ట్రానికి జరిగినట్టే లెక్క. అంటే కౌంటరు దగ్గరే చేతికిచ్చినా, బిల్లు మీద ఆంధ్రప్రదేశ్ అని రాస్తే అది అంతర్రాష్ట్ర వ్యాపారం అయిపోతుంది. గిరాకీలో ఇంత వంతు అవతలినుంచే వచ్చే కొట్టు మొదటిరోజే రిజిస్ట్రేషన్ చేయించుకోవడం నయం.

అద్దెకిస్తే ఇంకా బాగా తిరుగుతుంది కదా అని అడుగుతారు. మన కాపీరైట్ చట్టంలో 14వ సెక్షన్ కంప్యూటర్ ప్రోగ్రాములని వ్యాపారానికి అద్దెకిచ్చే హక్కు సొంతదారుకే ఇచ్చింది. చాలా ఊళ్లలో నడుస్తోందన్నది వేరే మాట. పేరు పెట్టుకుని బోర్డు కట్టుకున్న కొట్టు ఆ పని చెయ్యకూడదనే నేనంటాను.

ఇక పెద్ద ప్రశ్న. అసలు డిస్కు ఎన్నాళ్లుంటుంది? ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ తన మెషీన్ల కోసం అమ్మే పూర్తి గేముల్లో పదింట ఏడుకి పైగా డౌన్‌లోడ్లే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కన్సోల్‌కి డిస్కులకి బదులు కార్డులు, వాటిలో కొన్ని గేముల కార్డుల్లో ఆట ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రం ఉంటుంది. బ్రిటన్‌లో గేమ్ అనే పేరున్న గొలుసు కొట్లు 2024 ఫిబ్రవరిలో పాత గేములు తీసుకోవడమే మానేశాయి. 2013లో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్‌లో పాత డిస్కుల చేతిమార్పుకి కళ్లెం వెయ్యబోతే ఆటగాళ్లు గోల పెట్టి వెనక్కి తగ్గించారు. ఆ గోల ఇప్పుడు వినపడదు, ఎందుకంటే ఎక్కువమంది తమంతట తామే డౌన్‌లోడుకి వెళ్లిపోయారు.

మన దగ్గర నెట్ స్లో కాబట్టి డిస్కు బతుకుతుందనేవాళ్ల మాట నేను నమ్మను. బరంపురంలో ఫైబర్ ఇంటింటికీ వచ్చింది, రాత్రి పెడితే తెల్లారేసరికి వంద జీబీ దిగుతుంది. రాయగడ అవతల కొండల్లో ఆ మాట నిజం కావచ్చు గాని అక్కడ కన్సోళ్లే అరుదు. ఇక్కడ డిస్కుని నిలబెట్టేది తిరిగి అమ్ముకునే వీలు. అయిదువేలు పెట్టే మధ్యతరగతి ఇంట్లో, "ఆడేశాక మూడువేలు వెనక్కొస్తాయి నాన్నా" అన్న ఒక్క మాటతో అనుమతి దొరుకుతుంది. డౌన్‌లోడ్ చేసినదాని మీద ఆ మాట అనలేడు. ఆ మాట చెల్లాలంటే వెనక్కి కొనే కొట్టు ఊళ్లో ఉండాలి. ఓఎల్‌ఎక్స్‌లో ముక్కూ మొహం తెలియనివాడితో రైల్వేస్టేషన్ దగ్గర బేరమాడటం అందరివల్లా కాదు.

అందుకని ఇది పాతికేళ్ల వ్యాపారం అనుకుని దిగొద్దు. అయిదారేళ్లలో పెట్టుబడి రాబట్టుకునేలా ఉండాలి. బడా బజారులో పెద్ద అడ్వాన్సు అడిగే ముఖద్వారం షాపు అక్కర్లేదు, కాలేజీ రూట్లో చిన్న గది చాలు. సరుకు నేలమీద పెట్టొద్దు. ఫైలిన్, తిత్లీ తుఫాన్లు చూసినవాళ్లకి ఎందుకో చెప్పనక్కర్లేదు. పెట్టుబడిలో సగానికి పైగా రొక్కంగా గల్లాపెట్టెలో ఉండాలి. శనివారం సాయంత్రం ఎవడో పది గేములతో పీఎస్4 తెస్తే "సోమవారం రా" అనే కొట్టుకి రెండోసారి ఎవడూ రాడు.

పెద్ద గేము విడుదలైనప్పుడు మాత్రం చెయ్యి కట్టేసుకోవాలి. అడ్వాన్సు ఇచ్చినవాళ్ల లెక్కకి మించి ఒక్క కాపీ కూడా తెప్పించొద్దు. నెల తిరక్కముందే అవే డిస్కులు అరవై శాతం ధరకి మన కౌంటరు మీదికే వస్తాయి.