ఆశ్చర్యార్థకానికి చోటుంది

తెలుగు పత్రికల దగ్గర సకల రోగాలకూ ఒకే మందు ఉంది, దాని పేరు ‘చెక్’. షుగర్‌కు, బట్టతలకు, మోకాళ్ల నొప్పులకు చెక్ పెట్టి పెట్టి చెయ్యి తిరిగిన డెస్కువారు ఆ మధ్య ‘వైరస్‌తో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చెక్!’ అని కూడా పెట్టేశారు. పక్కన బొమ్మ వేశారు. 2020లో మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టిన ముళ్ల బంతికే పళ్లు తగిలించి, దానిచేత ఓ గులాబీ రంగు గడ్డను కొరికించారు. పొదుపరులు, పాత బొమ్మను పారేయలేదు.

ఆ వార్తలోని వైరస్ దేన్నీ కొరకదని చెబితే చిత్రకారుడు నొచ్చుకుంటాడేమో. అమెరికాలోని క్యాండెల్ థెరప్యూటిక్స్ సంస్థ 2024 డిసెంబరులో ఫలితాలు ప్రకటించిన క్యాన్-2409, పెరిగే శక్తి తీసేసిన ఒక అడినోవైరస్, అంటే జలుబు తెప్పించే వైరస్‌ల జాతిది. హెర్పిస్ వైరస్ జన్యువు ఒకటి మోసుకెళ్లి కణాలకు అందించడమే దాని పని, అంటే పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం. దాన్ని మూడు విడతలుగా సూదితో ప్రోస్టేట్‌లోకి ఎక్కించాక రోగి హెర్పిస్‌కు వాడే వాలాసైక్లోవిర్ మాత్రలు మింగితే, ఆ జన్యువు అందిన కణాల్లో మాత్ర విషంగా మారుతుంది; చచ్చిన కణాలను చూసి రోగనిరోధక వ్యవస్థ మేల్కొంటుంది. 745 మందిపై జరిగిన ఆ పరీక్షలో అందరికీ రేడియేషన్ ఇచ్చారు. దానితో పాటు వైరస్ కూడా అందుకున్నవారిలో జబ్బు తిరగబెట్టే లేదా మరణించే ముప్పు 30 శాతం తగ్గింది. 2011లో మొదలుపెట్టి అంతకాలం ఓపిక పట్టినవారికి దండం పెట్టవలసిందే. చదరంగంలో చెక్ అంటే రాజు ఇంకా బతికే ఉన్నాడని కదా, ఆ లెక్కన శీర్షిక పొరపాటున నిజమే చెప్పింది.

మా బాబాయి ఆ ముక్కను కత్తిరించి, లామినేషన్ చేయించి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లారు. తోడుగా నేనూ వెళ్లాను.

“డాక్టరుగారూ, ఈ వైరస్సు మీ దగ్గర స్టాకుందా?”

“మన దేశంలో లేదండీ.”

“అయితే పర్వాలేదు, మా అబ్బాయి డల్లాస్‌లోనే ఉన్నాడు. ఎవరైనా వస్తుంటే ఐసు డబ్బాలో పెట్టి పంపుతాడు. వెళ్లేటప్పుడు మా ఆవకాయ మోసుకెళ్లినవాళ్లు వచ్చేటప్పుడు ఈపాటి సాయం చేయరా? ఎయిర్‌పోర్టులో అడిగితే జలుబు మందని చెబితే సరి.”

“అది రేడియేషన్‌తో పాటు ఇచ్చిందండీ. మీకు నేను రాసింది కూడా రేడియేషనే.”

బాబాయి లామినేషన్‌ను రెండు వైపులా తిప్పి చూసి, “పేపర్లో అలా లేదే!” అన్నారు.

లేదు. నేనూ చూశాను, లేదు. ఆయన నాలుగు నెలలు రేడియేషన్ మానేసి అమెరికా డబ్బా కోసం ఎదురుచూశారు, ఈలోగా రక్తపరీక్షలో ప్రోస్టేట్ జబ్బు జాడ చెప్పే పీఎస్‌ఏ అంకె ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. పళ్ల బంతికి మూడు కాలమ్‌ల చోటుంది, ఆశ్చర్యార్థకానికి చోటుంది, ‘రేడియేషన్‌తో పాటు’ అన్న రెండు మాటలకు లేకపోయిందా? ఆ రెండు మాటలు కోసేసిన చేతికి, అవి చదివి చికిత్సకు వెళ్లాలో ఇంట్లో కూర్చోవాలో తేల్చుకునే మనిషి ఒకడుంటాడని తట్టలేదా? మీ తండ్రి రిపోర్టు ముందు పెట్టుకుని కూడా ఇలాగే కోస్తారా?

బాబాయి ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆటోలో రేడియేషన్‌కు వెళ్తున్నారు. లామినేషన్ చేసిన ముక్క ఇంకా ఆయన ఫైల్లో రిపోర్టుల మీదే ఉంది.